చేత్తో రాసినట్టుండే అక్షరం

ఈ సంచిక నుంచి పాఠకుల ఉత్తరాల పేజీలో శీర్షికలకు చిత్రకారుడు బాపు గారి రాతను పోలిన ఫాంటు వాడుతున్నాం. 1933లో పుట్టి 2014లో వెళ్లిపోయిన ఆ మహానుభావుడి చేతిరాత ఇప్పుడు కంప్యూటర్లలో ఫాంటుగా బతుకుతోంది. శుభలేఖల మీద, పుస్తకాల అట్టల మీద ఆ ఒంపులు కనబడితే చాలు, మనవాళ్లెవరో పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుంటుంది.

ప్రూఫు దిద్దుతుంటే మాత్రం ఒకటి కంటికి తగిలింది. 'అమ్మమ్మ' అన్న మాటలో రెండు 'మ్మ'లూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. చేత్తో రాస్తే రెండోదాని ఒత్తు కాస్త సాగేది, లేదా కిందికి జారేది. ఈ లోటు తీర్చడానికే కొన్ని ఫాంట్లలో ఒకే అక్షరానికి రెండు మూడు రూపాలు గీసి పెడతారు. ఎంత ఓపిక కావాలో! ఆ పని చేసేవాళ్లంటే నాకు గౌరవం.

ఆహ్వానానికి, పిల్లల బొమ్మల కథకి ఇలాంటి రాత ఎంతో అందం. వ్యాసాలకు మాత్రం వాడలేదు. చిన్న సైజులో ఒత్తులు, గుడులు కలిసిపోయి నాలుగో పేరాకే కళ్లు లాగేస్తాయి. పెద్ద వయసు పాఠకులు మనకు చాలామంది ఉన్నారు. అందుకే ఉత్తరాల్లోనూ శీర్షిక తర్వాత అంతా మామూలు అచ్చే.