నాన్న, నీళ్ల పైపు, కారు లిఫ్టు

మా తమ్ముడు ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. సాయంత్రం ఆ వీధిలో నడిచొస్తే నాలుగిళ్ల నుంచి ఇంగువ తాలింపు పలకరిస్తుంది. పోయిన చలికాలం నేనూ మా ఆవిడా వెళ్లేసరికి నాన్న అక్కడికొచ్చి రెండు నెలలైంది. ఆరు నెలల కోసం అమెరికా వెళ్లిన పెద్దవాళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. టీవీ, వాకింగు, మనవడి కోసం స్కూలు బస్సు దగ్గర పడిగాపులు, మళ్లీ టీవీ. మా నాన్నకు మాత్రం పని దొరికింది. తమ్ముడు గ్యారేజీలో కారు లిఫ్టు పెడుతున్నాడు.

లిఫ్టంటే మనం ఎక్కేది కాదండీ. మన సర్వీసింగు సెంటర్లలో కారును ఎత్తి కింద దూరి పనిచేస్తారే, అది. అక్కడ ఆయిలు మార్చడానికి, బ్రేకులు చూడటానికి మెకానిక్కుకిచ్చే కూలీ చూస్తే గుండె గుభేలుమంటుంది. అందుకని కొందరు ఇంట్లోనే పెట్టుకుంటారు. పైన ఒకటి, కింద ఒకటి రెండు కార్లు నిలుపుకోవచ్చు కూడా. మావాడు మూడో కారు కొన్నాడు, అదీ పాతది. అసలు కారణం అదేనని మా మరదలు నాతో మెల్లిగా చెప్పింది.

మొదట రెండు స్తంభాల లిఫ్టు అనుకున్నాడు. దాని బలమంతా నేలలోనే ఉంటుంది. కాంక్రీటుకు రంధ్రాలు చేసి పెద్ద యాంకరు బోల్టులు దించి బిగించాలి. మామూలుగా కనీసం 4 అంగుళాల మందం ఉండాలంటారు. డ్రిల్లు మిషను కూడా తెచ్చేశాడు.

నాన్న ఆ ఉదయం గ్యారేజీ ఊడుస్తున్నారు. ఖాళీగా కూర్చోలేని మనిషి. అట్టపెట్టెలు జరిపితే, తలుపు దగ్గర కాంక్రీటులో అచ్చు గుద్దినట్టు ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి.

"ఒరే చిన్నోడా, ఇక్కడ పోస్ట్ టెన్షన్ స్లాబు, కొయ్యొద్దు, తవ్వొద్దు అని రాసుందేంట్రా?"

నాన్న సాగర్ ఎడమ కాలువ పనుల్లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయనకు విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. అక్కడి బంకమట్టి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. అందుకని చాలా ఇళ్లకు కాంక్రీటు లోపల ఉక్కు తీగల కట్టలు పరిచి, అది గట్టిపడ్డాక జాకీలతో లాగి బిగిస్తారు. డ్రిల్లు పోయి అలాంటి తీగకు తగిలిందా, అంత బిగువూ ఒక్కసారి వదులుతుంది. నేల పగలొచ్చు, మనిషికీ ప్రమాదమే. ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్న మావాడు ఆ అక్షరాల మీదే పెట్టెలు పేర్చుకున్నాడు!

డ్రిల్లు వెనక్కిచ్చేశాడు. నాలుగు స్తంభాల లిఫ్టు తెప్పించాడు. ఇళ్లలో వాడే అలాంటివి చాలావరకు తమ బరువు మీదే నిలబడతాయి, నేలకు తూట్లు పొడవక్కర్లేదు. అయినా ఈ నేల ఆ బరువు మోస్తుందో లేదో ఓ ఇంజినీరుకు చూపించేదాకా నాన్న విప్పనివ్వలేదు.

బిగించడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. శని ఆదివారాలు, తమ్ముడి స్నేహితులు ముగ్గురు, మా మరదలు చేసిన రెండు గిన్నెల పులిహోర. స్తంభాలు లేచాయి, పట్టాలు కూర్చున్నాయి. అసలు పని ఆ తర్వాతే మొదలైంది.

గ్యారేజీ నేల చదునుగా ఉంటుందని మనమనుకుంటాం. ఉండదు. కారు మీది వాన నీళ్లు బయటికి పోవాలని తలుపు వైపు వాటం ఇస్తారు. అక్కడ అడుగుకు అరపావు అంగుళం ఉంది. వినడానికి ఏమీ లేదు. కానీ 14 అడుగుల లిఫ్టు వేస్తే, ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ తేడా 1.75 అంగుళాలు. ఆ వాటం మీద నిలబెట్టిన స్తంభం ఒరుగుతుంది. ఒరిగిన స్తంభాల మీద టన్నున్నర కారు, దాని కింద మనిషి.

తమ్ముడు లేజరు లెవెలు తెచ్చాడు. ఎర్రగీత గోడల చుట్టూ పడుతుంది, ముచ్చటగానే ఉంటుంది. నాన్న దాన్ని కాసేపు చూసి, బజారు నుంచి ఓ పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు తెప్పించారు. మన తాపీ మేస్త్రీలు వాడే లెవెలు పైపే. మరదలు నీళ్లలో చిటికెడు కేసరి రంగు కలిపింది. ఒక కొస ఆమె పట్టుకుంటే, రెండో కొస పట్టుకుని నాన్న స్తంభం స్తంభం తిరుగుతూ పెన్సిలుతో గీతలు పెట్టారు.

లేజరుకూ పైపుకూ పావు అంగుళం తేడా వచ్చింది. "మీ మిషను ఎక్కడో కింద పడుంటుంది" అన్నారు నాన్న. తమ్ముడు మొహం మాడ్చుకున్నాడు. ఇద్దరికీ అరగంట మాటల్లేవు. తీరా చూస్తే తప్పు పైపుది. మధ్యలో మెలిక దగ్గర వేలెడంత గాలిబుడగ చేరింది. నాన్న ఏమీ అనకుండా పైపు పైకెత్తి, తట్టి తట్టి బుడగ వదిలించి, మళ్లీ మొదట్నుంచీ కొలిచారు. ఈసారి రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

స్తంభాలు నిటారుగా నిలవడానికి కాళ్ల కింద ఇనప రేకుల ప్యాకింగ్ పెట్టారు. కంపెనీ పుస్తకం చెప్పిన హద్దు దాటి పెట్టకూడదు కనుక, మిగతా తేడా స్తంభాల లోపలి నిచ్చెన పట్టీల నట్లు తిప్పి సరిచేశారు. ఆ పట్టీల మెట్ల మీదే తాళం పడుతుంది. లిఫ్టును పైకెత్తేది నూనె ఒత్తిడే అయినా, కారును అలా ఒత్తిడి మీదే వదిలేసి కిందికి దూరకూడదు. కాస్త దించి నాలుగు మూలలా తాళాల మీద కూర్చోబెట్టాలి.

ఖాళీ లిఫ్టు పైకి పోతుంటే నాలుగు మూలలా టక్ టక్ మంటుంది. ఆ నాలుగూ ఒకేసారి పలకాలి. నాన్నకు చెవి సరిగా వినపడదు. స్తంభానికి అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. "వెనక ఎడమది ఆలస్యంగా వస్తోంది" అన్నారు. నిజమే. ఆ మూల తీగ తాడు వదులుగా ఉంది. బిగించారు. మళ్లీ ఎత్తు, మళ్లీ దించు. ఆ పూట పదకొండుసార్లు ఎత్తించారు. చీకటి పడింది, తమ్ముడికి విసుగొచ్చింది. "చాల్లే నాన్నా, ఆ మాత్రం తేడా అందరికీ ఉంటుంది" అన్నాడు.

అప్పుడు చెప్పారు నాన్న. నలభై ఏళ్ల కిందట కాలువ గట్టు మీద, కంకర లారీకి చక్రం మారుస్తున్నారట. గట్టు కొద్దిగా వాటంగా ఉంది. జాకీ కింద రాయి పెట్టారు. నాన్న చూశారు. ఆ మాత్రానికేం కాదులే అనుకుని చిట్టా రాసుకోవడానికి పక్కకెళ్లారు. రాయి జారింది. క్లీనరు కుర్రాడికి మోకాలి కింద కాలు పోయింది. పద్దెనిమిదేళ్లు కూడా లేవు వాడికి.

ఈ మాట ఇన్నేళ్లలో మాకెప్పుడూ చెప్పలేదు. తమ్ముడు మారు మాట్లాడకుండా పన్నెండోసారి స్విచ్చి నొక్కాడు.

మర్నాడు కారెక్కించి, తాళాల మీద దించి, రాత్రంతా అలాగే వదిలేశారు. పొద్దున్నే నాన్న టార్చిలైటు వేసుకుని పెన్సిలు గీతల దగ్గర మళ్లీ పైపు పెట్టి చూశారు. కదల్లేదు. అప్పుడు గానీ తమ్ముణ్ని కింద అడుగుపెట్టనివ్వలేదు. ముందు స్తంభం మీద ఆ రోజు తేదీ వేసి, పక్కన తెలుగులో 'సరి' అని రాశారు.

నాన్న తిరిగొచ్చేశారు. ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నారు. ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున్నే వీడియో కాల్ చేస్తారు. కోడలి క్షేమం, మనవడి మార్కులు అయ్యాక, తమ్ముడు ఫోను తీసుకుని గ్యారేజీలోకి వెళ్లి లిఫ్టు ఎత్తాలి. ఈయన స్పీకరు పెద్దది చేసి, ఫోను చెవికి కాదు, అరచేతికి ఆనించుకుంటారు.