అన్నం తిన్నా వచ్చిన జబ్బు

ఆకలి అనగానే మనకు ఖాళీ గిన్నె గుర్తుకొస్తుంది. కాని గిన్నె నిండా అన్నం ఉన్నా మనిషి పోషణ లేక కృశించిపోవచ్చు. ఇందుకు దృష్టాంతం కోసం ఎక్కడో దూరదేశాలకు పోనక్కరలేదు.

వంద సంవత్సరాల క్రితం మద్రాసు రాజధానిలో బెరిబెరి అనే జబ్బు ముఖ్యంగా ఉత్తర సర్కారు జిల్లాలలో, అంటే మన కోస్తాలో కనిపించేది. కాళ్లు తిమ్మిరెక్కేవి, ఒళ్లు నీరు పట్టేది, చివరకు గుండె దెబ్బతినేది. తల్లిపాలు తాగే పసికందులు కూడా చనిపోయేవారు. తమిళ జిల్లాల వాళ్లూ బియ్యమే తినేవారు కదా, మరి వాళ్లకెందుకు అంతగా రాలేదు?

తేడా అంతా వడ్లను బియ్యం చేసే తీరులో ఉంది. అక్కడ వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి, ఆ తర్వాత మర పట్టేవారు. అదే ఉప్పుడు బియ్యం. ఉడికేటప్పుడు పై పొరలోని బి1 విటమిను గింజ లోపలికి ఇంకుతుంది, కనుక మర పట్టినా చాలావరకు నిలుస్తుంది. మనవాళ్లు పచ్చి వడ్లనే మరకు పంపి, మల్లెపూవులా తెల్లగా పాలిష్ పట్టించుకున్నారు. విటమిను తవుడులోకి పోయింది, తవుడు గేదెకు పోయింది! గంజి వార్చడంతో మిగిలిన కాస్తా నీళ్లపాలైంది.

ఈ జబ్బు సంగతి తేల్చడానికే 1918లో మెకారిసన్ కూనూరులో ఒక్క గదిలో ప్రయోగశాల పెట్టారు. 1958లో హైదరాబాదుకు మారిన జాతీయ పోషకాహార సంస్థకు మూలం ఆ గదే.

ఆ రోగులకు కరువైనది బియ్యం కాదు. అయినా ఈనాటికీ మనం ఆకలిని కిలోలలోనే కొలుస్తున్నాం. 2013 నాటి ఆహార భద్రత చట్టం మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం అన్నది. ఇది చిన్న మేలు కాదు. కాని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ల బాలికల్లో నూటికి 59 మందికి రక్తహీనత కనబడింది. అంటే మీ తరగతి ఈడువాళ్లకే.

దంపుడు బియ్యం తింటే సరి అనే పెద్దలున్నారు. అంత సులువు కాదు. పై పొరలోని నూనె వల్ల ఆ బియ్యం త్వరగా ముక్కిపోతుంది, గోదాముల్లో ఎక్కువకాలం ఆగదు. అందులోని ఇనుమును మన శరీరం సరిగా పీల్చుకోలేదు కూడా. ఇనుము కలిపిన బియ్యం ఇస్తామని 2021లో కేంద్రప్రభుత్వం ప్రకటించింది. నా దృష్టిలో అది అతుకు మాత్రమే. ఎదిగే పిల్లలకు మాంసకృత్తులు కావాలి, కొవ్వు కావాలి. రేషను సంచిలో బియ్యంతోపాటు పప్పు, బడి భోజనంలో గుడ్డు, ఆకుకూర ఉండి తీరాలి.

ఖర్చు ఎక్కువ కదా అంటారు. నిజమే. కాని బియ్యం ఒక్కటే చవక అని వేసే లెక్కలో తల్లి ఏం తింటున్నదో చేరడం లేదు. అందరూ తిన్నాక ఆమెకు ఎంత పప్పు మిగిలిందో, ఈ రాత్రి మీ ఇంట్లోనే గిన్నెలోకి తొంగిచూడండి.