విత్తనముపై పెత్తన మెవరిది?

ఆంగ్ల రచయిత ఆల్డస్ హక్స్‌లీ 1932లో ప్రకటించిన 'బ్రేవ్ న్యూ వరల్డ్' అను నవలను మన విద్యావంతులలో పెక్కుమంది చదివియే యుందురు. చదువనివారి కొఱకు కథాసారమును కొన్ని మాటలలో చెప్పెదము. ఆ లోకమున మనుష్యులు తల్లి గర్భమున జన్మింపరు. కర్మాగారములందు సీసాలలో పెంపబడుదురు. ఏ పిండము ఏలికల తరగతికి చేరవలెనో, ఏది కూలితరగతికి చేరవలెనో ముందే నిర్ణయమైయుండును. కూలి కావలసిన పిండమునకు ప్రాణవాయువు తగ్గించి యిత్తురు. అందుచే దాని బుద్ధి మందగించును. ఆ తరగతి పసిబిడ్డలు పుస్తకమును, పూవును ముట్టబోవగనే విద్యుత్తుతో బెదరగొట్టి, ఆ రెంటిపై బ్రతుకంతయు ఏవగింపు నిలుచునట్లు చేయుదురు. ఇంత చేసినను మనస్సున చింత మిగిలినచో 'సోమ' యను మాత్ర నిత్తురు. (ఋషులు కీర్తించిన సోమమునకు ఈ గతి పట్టినందుకు సంస్కృతము చదివినవారు నొచ్చుకొనక తప్పదు.) లోకమంతటిని ఏలువారు పదిమంది. తక్కిన జనులు తమ దాస్యమును గుర్తింపరు. దానినే సుఖమని ప్రేమింతురు.

ఇంతకు పండ్రెండేండ్లు ముందు, 1920లో, చెక్ రచయిత కారెల్ చాపెక్ 'ఆర్.యు.ఆర్.' అను నాటకమును వ్రాసెను. 'రోబో' యను మాట లోకమునకు వచ్చినది దానినుండియే. ఆ మాటకు మూలమైన చెక్ పదమునకు వెట్టిచాకిరి యని యర్థము. నేడు రోబో యనగా ఇనుపబొమ్మ యని తలచుచున్నాము గాని, చాపెక్ రోబోలు ఇనుపవి కావు. జీవపదార్థముతో చేసిన ప్రాణులు. వానికి సంతానము లేదు. క్రొత్తవి కావలెనన్న కర్మాగారమునుండియే రావలెను. వానిని చేయు రహస్యము ఆ కర్మాగారపు కాగితములయందే యున్నది.

ఈ కడపటి సంగతి చదువునపుడు పల్నాటి పత్తిరైతునకు తన యింటిలోని వస్తువే స్ఫురింపక మానదు. మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతముల రైతు తొలకరికి కొను పత్తివిత్తనపు పొట్లము అట్టిదే. నేలలో నుండు ఒక సూక్ష్మజీవి జన్యువును పత్తిలోనికి చొప్పించగా, కాయతొలుచు పురుగునకు విషమగు పదార్థమును మొక్కయే తయారుచేసికొనుచున్నది. ఈ బీటీ పత్తికి 2002 మార్చిలో కేంద్రప్రభుత్వ సంఘము తొలి యనుమతి నిచ్చినది. అది మొలవకుండ చేసిన విత్తనమను వదంతి నిజము కాదు. అది సంకరవిత్తనము, దాచి మరల చల్లినచో మొలచును గాని మునుపటి దిగుబడి రాదు. కనుక ఏటేట అంగడికి పోక తప్పదు. మేము శాస్త్రమును దూషించువారము కాము. 1998 ప్రాంతమున పురుగు పత్తిని ఊడ్చివేయగా, మందుల యప్పులకు వెఱచి వరంగల్లు జిల్లా రైతులు ప్రాణములు తీసికొన్న దినములను మేము మఱవలేదు. ఆరంభమున బీటీ పత్తి పురుగుమందు ఖర్చును తగ్గించిన మాట వాస్తవము.

అయితే ఆ మేలునకు కట్టిన వెల యెంత? 2005 ప్రాంతమున 450 గ్రాముల పొట్లము 1,600 రూపాయలకు పైగా నమ్మబడెను. అందులో దాదాపు 1,250 రూపాయలు జన్యువు హక్కుదారైన మోన్‌శాంటో వర్గమునకు చెందు రుసుము. అనగా రైతు విత్తనమునకంటె దానిలోని యొక జన్యువునకే హెచ్చు పన్ను కట్టెను! అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2006లో గుత్తవ్యాపార నిరోధక సంఘము నెదుట ఫిర్యాదు చేసినది. ఆ సంఘము మే నెలలో కంపెనీకి ప్రతికూలముగా నుత్తరువిచ్చినది. రాష్ట్రము పొట్లము ధరను 750 రూపాయలుగా నిర్ణయించెను. కంపెనీ సుప్రీంకోర్టునకు పోయినను నిలుపుదల లభింపలేదు. 2007లో రాష్ట్రము పత్తివిత్తనముల ధరలపై శాసనమే చేసికొనెను. పిమ్మట కేంద్రపు టుత్తరువులచే ఆ రుసుము 2016లో 49 రూపాయలకు దిగి, 2020లో పూర్తిగా తొలగిపోయెను. హక్స్‌లీ లోకమున కాదనగలవాడు లేడు. ఇచట కాదనిరి, ధర సగమునకు దిగువకు వచ్చెను.

ఇక మన తప్పులను గూడ చెప్పుకొనవలెను. ఆ పొట్లముతోపాటు 120 గ్రాముల మామూలు పత్తివిత్తనము వేఱుగా నిచ్చెడివారు. చేనిచుట్టు దానిని నాటినచో విషమునకు లొంగు పురుగులు కొన్ని మిగిలి, తట్టుకొను జాతి త్వరగా ప్రబలకుండును. మనలో ఎందఱు నాటిరి? దిగుబడి తగ్గునని అనేకులు పారవైచిరి. 2010 నాటికే గులాబిరంగు పురుగు తొలి బీటీని తట్టుకొనుచున్నదని గుజరాతులో తేలినది. నేడు రెండవ బీటీ పత్తి కాయలలోను అది తిరుగుచున్నది. అటుపై కలుపుమందును తట్టుకొను పత్తి వచ్చినది. దానికై పెట్టిన దరఖాస్తును కంపెనీ 2016లో ఉపసంహరించుకొనెను. అయినను మఱుసటి యేటనే ఆంధ్ర, తెలంగాణ, మహారాష్ట్ర, గుజరాతు చేలలో అది కానవచ్చెను. అనుమతి లేదు, రసీదు లేదు. పంట పోయినచో అడుగుటకు మనిషి లేడు. కంపెనీ పెత్తనము పోయి ప్రజల పెత్తనము రాలేదు. ఊరు పేరు లేని వ్యాపారి పెత్తనము వచ్చినది. కూలి దొరకక ఆ విత్తనమును కొనుచున్నామను రైతుల మాటను మేము త్రోసివేయము. కాని ఇది స్వాతంత్ర్యము కాదు.

నేడు వరి వంతు వచ్చినది. 1986లో బాపట్ల పరిశోధనస్థానమునుండి వెలువడిన సాంబమసూరిని హైదరాబాదు వరి పరిశోధనసంస్థ శాస్త్రజ్ఞులు సవరించి 'కమల' యను వంగడమును తయారుచేసిరి. మన మార్టేరు వంగడమైన ఎం.టి.యు. 1010ను ఢిల్లీలో సవరించిరి. రెంటిని 2025 మేలో కేంద్ర వ్యవసాయమంత్రి ప్రకటించెను. వీనిలో పరాయి జన్యువు లేదు. ఉన్న జన్యువునే కత్తిరించి మార్చిరి. ఇట్టి పంటలకు జన్యుమార్పిడి నిబంధనలలో కొన్నింటినుండి 2022 మార్చిలోనే మినహాయింపు దొరకినది. కమల 19 శాతము అధికముగా పండునని, ఇరువది దినములు ముందు కోతకు వచ్చునని శాస్త్రజ్ఞుల మాట. అదే నిజమైనచో సాగరు కాలువ చివరిభూములకు అది వరమే. ప్రభుత్వసంస్థ చేసినదగుటయు మాకు సంతోషకరము. కాని ఆ కత్తిరింపు పద్ధతిపై విదేశసంస్థలకు పేటెంట్లున్నవి. ఏ షరతులపై అది మన చేలకు వచ్చునో, ఎచటెచట పండించి చూచిరో, ఆ లెక్కలన్నియు తెలుగులో ప్రకటింపవలెను.

నీటి విషయమున పల్నాటివా రెంత మెలకువగా నుందురో చెప్పనక్కఱలేదు. విజయపురి సౌత్‌లో ఆరంభమగు కుడికాలువ నీరు ఊరక వచ్చినది కాదు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిని, లోయలోని పల్లెలను జలార్పణము చేసి సంపాదించుకొన్నది. 1955లో పునాదిరాయి పడి, 1967లో కాలువకు నీరు వచ్చెను. 2023 నవంబరు చివరను ఆనకట్టమీది 26 గేట్లలో 13టి కొఱకు రెండు రాష్ట్రముల పోలీసులు ఎదురెదురుగా నిలిచిరి. గేటు ఎవరి చేతనున్నది, ఎంత నీరు వదలిరి అని రచ్చబండమీది ముసలివాడు సైతము అడుగును. విత్తనమును గూర్చి అట్లడుగువా రేరి?

2010లో బీటీ వంకాయపై తీర్మానమునకు ముందు కేంద్రమంత్రి జైరాం రమేష్ హైదరాబాదుతో కూడ ఏడు నగరములలో సభలు జరిపి, జనుల మాట విని, ఫిబ్రవరిలో దానిని నిలిపివేసెను. 2024 జులైలో ఆవాల కేసున సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తక్కిన విషయములలో భేదించినను, ఈ పంటలపై జాతీయవిధానము కావలెనని యిరువురును ఆదేశించిరి. అట్టి విధానమునకై సభలు పెట్టునపుడు రాజధానులతో సరిపెట్టక, నరసరావుపేటలో నొకటి పెట్టవలెనని మేము కోరుచున్నాము. మన శాసనసభ్యులు ఈ కోరికను లిఖితరూపమున పంపుదురా?