కాపురానికి డిక్రీ

బాకీ ఎగవేసినవాడి మీద డిక్రీ తెస్తే, అమీనా వచ్చి వాడి గేదెనో గోడగడియారాన్నో జప్తు చేసుకుపోతాడు. ఇది మనందరికీ తెలిసిన సంగతే. కాపురానికి రానన్న పెళ్ళాం మీద కూడా డిక్రీ తెచ్చుకోవచ్చని మాత్రం చాలామంది ఇల్లాళ్ళకు తెలియదు. కోర్టు నోటీసు చేతికొచ్చిన రోజున తెలుస్తుంది!

హిందూ వివాహ చట్టం, 1955లో తొమ్మిదో సెక్షను. దీని పేరు 'దాంపత్య హక్కుల పునరుద్ధరణ'. పాత గుడికి జీర్ణోద్ధరణ చేస్తున్నట్టు ఎంత పవిత్రంగా ఉందో చూశారా! సరైన కారణం లేకుండా భార్యాభర్తల్లో ఒకరు విడిగా ఉంటే, రెండోవారు కోర్టుకెళ్ళి 'నా మనిషిని నా ఇంటికి పంపండి' అని అడగవచ్చు. ఆ కారణం సరైనదో కాదో తేల్చేది కోర్టువారు. రుజువు చేసుకోవలసిన భారం మాత్రం ఇల్లు వదిలి వచ్చినవారిదే. కొట్టాడంటే దెబ్బలు చూపించవచ్చు. తాగుతాడంటే సాక్షుల్ని తేవచ్చు. 'ఆ మనిషి చెయ్యి తగిలితేనే నాకు ఒళ్ళు కంపరం' అంటే దానికి సాక్షి ఎవరమ్మా?

ఇది మన సంప్రదాయమండీ అంటారు కొందరు పెద్దలు. కాదు మహాప్రభో! ఇది ఇంగ్లండు చర్చి కోర్టుల్లో పుట్టిన సరుకు. దొరలు తెచ్చి ఇక్కడ దింపారు. మన ఇళ్ళల్లో అలిగి పుట్టింటికొచ్చిన పిల్లను నలుగురు పెద్దమనుషులూ కూర్చుని నచ్చచెప్పి పంపేవారు. (ఆ నచ్చచెప్పడాల్లో ఎందరు పిల్లలు నలిగిపోయారో, అది వేరే వ్యాసం.) 1887లో బొంబాయి హైకోర్టు, పసితనంలో పెళ్ళయిన రఖ్మాబాయిని మొగుడి దగ్గరికి వెళ్ళమంది, వెళ్ళకపోతే ఆర్నెల్లు జైలు అంది. ఆవిడ జైలుకే వెళతానంది! మర్నాటి ఏడాది మొగుడికి డబ్బు ముట్టాక రాజీ కుదిరింది. ఆవిడ లండన్ వెళ్ళి డాక్టరయి తిరిగొచ్చింది. ఈ జైలు శిక్షను 1923లో ఎత్తేశారు. ఆస్తి జప్తు మాత్రం అలాగే ఉంచారు. ఇంగ్లండువాళ్ళు తమ దేశంలో ఈ దావానే 1970లో రద్దు చేసుకున్నారు. మనం మాత్రం భద్రంగా దాచుకున్నాం.

దీన్ని ఒకసారి కొట్టేసింది మన తెలుగుదేశంలోనే. సినీనటి సరిత మీద ఆమె భర్త కడప కోర్టులో ఈ దావా వేశాడు. పెళ్ళినాటికి ఆమె హైస్కూలు పిల్ల. విడిపోయి అప్పటికే అయిదేళ్ళు దాటింది. ఆ కేసు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వచ్చినప్పుడు, 1983లో, జస్టిస్ పి.ఎ. చౌదరిగారు ఈ సెక్షను రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పిచ్చారు. ఏ మగ జడ్జీ అంతకుముందు అంత సూటిగా అనలేదనిపిస్తుంది నాకు. కాపురం చేయమని ఆజ్ఞాపించడమంటే, ఎవరితో పడుకోవాలో, ఎప్పుడు గర్భం మోయాలో తేల్చుకునే హక్కును ఆడదాని చేతిలోంచి తీసి ప్రభుత్వం చేతిలో పెట్టడమేనని ఆయన భావం.

అదే ఏడు ఢిల్లీ హైకోర్టు ఒప్పుకోలేదు. ఇంట్లోకి రాజ్యాంగాన్ని తేవడం గాజుసామాన్ల కొట్లోకి ఎద్దును తోలినట్టేనంది. ఆ ఇంట్లో పగిలేవి గాజుసామాన్లేనా, గాజులు వేసుకున్న చేతులు కావూ? 1984లో సుప్రీంకోర్టు కూడా కాపురాలు నిలబెట్టే సెక్షను ఇది అని దాన్ని నిలబెట్టింది. తమాషా ఏమిటంటే, ఆ కేసులో దావా వేసింది భార్య. భర్త సరేనని డిక్రీకి ఒప్పుకున్నాడు. ఏడాది తిరిగేసరికి కాపురం సాగలేదని విడాకులడిగాడు. సుప్రీంకోర్టు ఆ విడాకులను ఖాయం చేసింది! ఏడాదిపాటు డిక్రీ అమలు కాకపోతే విడాకులు అడగవచ్చునని చట్టంలోనే ఉంది మరి. విడాకులే కావాలంటే దానికి తిన్నగా దారి వేయండి. ఆడదాన్ని కాపురానికి తోలే డిక్రీ మీదుగా ఎందుకు?

'మొగుడి మీద కూడా వేయొచ్చు కదండీ, అందరికీ సమానమే' అని ప్లీడర్లంటారు. వేయొచ్చు. కోర్టు పంపగా వచ్చిన మొగుడికి నెల తప్పదు, అంతే తేడా! ఇక ఆవిడ ఆ ఇంటికి వెళ్ళిందే అనుకోండి. తలుపు మూశాక ఆమె వద్దన్నా అతను వినకపోతే? 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షను చూడండి. పద్ధెనిమిదేళ్ళు నిండిన భార్యను భర్త బలవంతం చేస్తే అది అత్యాచారం కిందికి రాదని మినహాయింపు రాసే ఉంది. పాత శిక్షాస్మృతి నుంచి జాగ్రత్తగా ఎత్తి రాశారు. ఒక చట్టం ఆమెను గదిలోకి నెడుతుంది, ఇంకొకటి గడియ పెడుతుంది.

ఆవిడ భరణం అడిగితే చాలు, భర్త తరఫునుంచి తొమ్మిదో సెక్షను దావా రావడం మామూలే. 'మేం రమ్మన్నాం, ఆమే రాలేదు' అనడానికి పనికొస్తుంది కదా! డిక్రీని కాదని కాపురానికి వెళ్ళనంత మాత్రాన భరణం పోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, చాలా సంతోషం. కానీ ఆ డిక్రీ ఇచ్చే సెక్షను అలాగే ఉంది. వ్యక్తి ఆంతరంగికత ప్రాథమిక హక్కేనని 2017లో తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా తేల్చాక, 2019లో ఇద్దరు లా విద్యార్థులు ఈ సెక్షనును సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకెక్కారు. ఆ పని పార్లమెంటు ఏనాడో చేసి ఉండవలసింది. అందుకు కావలసింది ఒక్క వాక్యం సవరణ బిల్లు.