కోపెన్‌హేగెన్‌లో అడిగిన న్యాయం ఇంట్లో ఏదీ?



2010 ఫిబ్రవరి 27న ప్రధాని మన్మోహన్ సింగ్ రియాద్ వచ్చారు. 1982లో ఇందిరాగాంధీ వచ్చిపోయిన 28 ఏండ్లకు మళ్ళీ ఒక భారత ప్రధాని ఈ గడ్డ మీద కాలు పెట్టారు. రియాద్ ప్రకటన వెలువడింది. నేరస్థుల అప్పగింత మీద, శిక్ష పడిన ఖైదీలను స్వదేశానికి పంపడం మీద ఒప్పందాలు కుదిరాయి. మార్చి 1న ప్రధాని షూరా కౌన్సిల్‌లో ప్రసంగించారు. ఉగ్రవాదం, చమురు, పెట్టుబడులు, వ్యూహాత్మక భాగస్వామ్యం - పత్రికల నిండా ఇవే మాటలు.

ఆ తర్వాతి గురువారం సాయంత్రం ఎప్పటిలాగే బత్హాలో మనవాళ్లం కలిశాం. సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, ఇక్కడ మేస్త్రీ పని చేస్తాడు, నన్ను అడిగిండు: "ప్రధాని మన గురించి ఏమన్న మాట్లాడిండా తమ్మీ?" చమురు గురించి మాట్లాడారని చెప్పిన. "చమురు ఎట్లనో వస్తది. మా ఊర్లె బోర్లకు నీళ్లు ఎప్పుడొస్తయ్?" అన్నడు. మూడు బోర్లు వేసి, మూడూ ఎండిపోయి, ఆ అప్పు తీర్చడానికి విమానం ఎక్కిన మనిషి ఆయన. ఆ ప్రశ్న నాకు నాలుగు రోజులు నిద్ర పట్టనీయలేదు. ఈ వ్యాసం ఆయనకు నేను ఇవ్వలేకపోయిన జవాబు.

మూడు నెలల వెనక్కి పోదాం. 2009 డిసెంబర్ 7 నుంచి 18 దాకా కోపెన్‌హేగెన్‌లో ప్రపంచ వాతావరణ సదస్సు జరిగింది. అక్కడ మన దేశం ఏం అడిగింది? ఒకటి, చరిత్ర చూడమన్నది. గాలిలోకి ఇంత పొగ వదిలింది రెండు వందల ఏండ్లుగా కర్మాగారాలు నడిపిన ధనిక దేశాలు, కాబట్టి ఎక్కువ బరువు వాళ్లే మోయాలి. రెండు, లెక్క మనిషికి ఇంత అని తీయమన్నది. అప్పట్లో సగటు అమెరికావాడు వదిలే పొగ సగటు భారతీయుడి కంటే పది రెట్లకు పైనే ఉండేది. మూడు, రాసిన మాట నిలబెట్టమన్నది. 1992 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం, 1997 నాటి క్యోటో ఒప్పందం ఉండగా వాటిని పక్కకు పెట్టి కొత్త కాగితం తేవద్దన్నది.

ఈ మూడూ న్యాయమైన మాటలే. పరాయి దేశంలో బతుకుతున్న భారతీయుడిగా నేను వీటిని గర్వంగా సమర్థిస్తాను. మన రాష్ట్రం నుంచే రాజ్యసభకు వెళ్లిన జైరామ్ రమేశ్ అక్కడ బ్రెజిల్, దక్షిణాఫ్రికా, చైనాలతో కలిసి నిలబడ్డారు. మన మాటగా 2005తో పోలిస్తే 2020 నాటికి ఉద్గారాల తీవ్రతను 20 నుంచి 25 శాతం తగ్గిస్తామని కూడా ప్రకటించారు.

నేనుంటున్న సౌదీ కూడా అక్కడ న్యాయమే అడిగింది, తనదైన పద్ధతిలో. ప్రపంచం చమురు వాడకం తగ్గిస్తే మా రాబడి పోతది, దానికి పరిహారం ఇవ్వండని సౌదీ ప్రతినిధి మహమ్మద్ అల్ సబ్బాన్ వాదించారు. 1992 ఒప్పందంలోనే చమురు మీద బతికే దేశాల సంగతి కూడా చూడాలని ఒక మాట ఉంది. సౌదీ పట్టుకున్నది ఆ కొసనే. మనిషికి ఇంత అని లెక్క తీస్తే సౌదీ పొగ కూడా మనకంటే ఎన్నో రెట్లు. అయినా చర్చల బల్ల దగ్గర ఇద్దరం వర్ధమాన దేశాల జట్టులోనే కూర్చుంటాం. ఇందులో తప్పు పట్టను. ప్రతి దేశం తన వాళ్ల బతుకుదెరువు కోసం కొట్లాడుతుంది. నా ప్రశ్నల్లా ఒక్కటే: మన దేశం బయట పట్టుకున్న తక్కెడ ఇంట్లో ఎందుకు పట్టదు?

చరిత్ర చూడమన్నాం కదా. మరి తెలంగాణ చరిత్ర ఎవరు చూస్తారు? 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం రాసుకుని కలిపారు. తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకే ఖర్చు పెడతామన్నారు. 1969లో లలిత్ కుమార్ కమిటీ కూర్చుని లెక్క తీస్తే ఆ నిధులు మళ్ళిన సంగతి బయటపడింది. ఆ బాకీ ఎవరు తీర్చారు? ధనిక దేశాలను చారిత్రక బాధ్యత అడిగే ఢిల్లీకి ఇది చరిత్ర కాదా?

మనిషికి ఇంత అని లెక్క తీయమన్నాం కదా. సగటు లెక్క చాటున ఏం దాగుతుందో చూడండి. మన దేశ పేదల తక్కువ వాడకం చాటున ధనవంతులు దాక్కుంటున్నారని 2007లోనే గ్రీన్‌పీస్ ఇండియా ఒక నివేదికలో ఎత్తిచూపింది. రామగుండంలో 2,600 మెగావాట్ల కేంద్రం సింగరేణి బొగ్గు మండించి దక్షిణాది రాష్ట్రాలన్నింటికీ కరెంటు ఇస్తుంది. ఆ పొగ దేశం ఖాతాలో పడుతుంది. ఆ బూడిద మాత్రం రామగుండం మనుషుల ఊపిరితిత్తుల్లో పడుతుంది. ఓపెన్‌కాస్టు గనుల కింద ఊర్లు పోతాయి. కరెంటు పుట్టిన జిల్లాలోనే రైతు అర్ధరాత్రి లేచి మోటారు దగ్గర కాపలా కాసేవాడు. ఆంధ్రప్రదేశ్ సగటు అని చెప్పినప్పుడల్లా సిరిసిల్ల మెట్ట భూమి, పాలమూరు వలస, నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్లు ఆ సగటులో కనబడకుండా పోయేవి.

రాసిన మాట నిలబెట్టమన్నాం కదా. 1985లో 610 జీవో రాసిన మాట కాదా? కోపెన్‌హేగెన్ సదస్సు మూడో రోజున, డిసెంబర్ 9 రాత్రి, తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని హోం మంత్రి చిదంబరం ఢిల్లీలో ప్రకటించారు. ఆ రాత్రి ఇక్కడ ఒక్కో గదిలో పదేసి మందిమి కావలించుకుని ఏడ్చినం. సదస్సు ముగిసిన ఐదు రోజులకు, డిసెంబర్ 23న, అదే నోటితో విస్తృత సంప్రదింపులు కావాలన్నారు. క్యోటో మాట తప్పొద్దని ధనిక దేశాలకు చెప్పిన ప్రభుత్వం రెండు వారాల మాట మీద నిలబడలేదు.

విదేశాంగ విధానంలోనూ ఇదే తీరు. కార్మికుల విషయమై యూఏఈతో 2006లో, కువైట్‌తో 2007లో, బహ్రెయిన్‌తో 2009లో అవగాహన ఒప్పందాలు అయ్యాయి. లక్షల మంది మనవాళ్లున్న సౌదీతో 2010 పర్యటన నాటికీ కాలేదు. ప్రధాని స్థాయి పర్యటన 28 ఏండ్లకు ఒకసారి వస్తే, అందులో కఫీల్ దగ్గర పాస్‌పోర్టు ఇరుక్కున్న మనిషికి, అకామా లేక ఖల్లివల్లి అయిన మనిషికి ఒక్క కాగితం రాలేదు. ఖైదీల ఒప్పందం మంచిదే, కొన్ని కుటుంబాలకు అది పెద్ద ఊరట. కానీ జైలుకు పోయినాకనే మన గురించి ఒప్పందం ఉండాలా?

తెలంగాణ వస్తే ఇవన్నీ తెల్లారేసరికి తీరుతాయా అని కొందరు మిత్రులు అడుగుతారు. తీరవు. రామగుండం బూడిద రాష్ట్రం పేరు మారిందని మాయం కాదు. రేపు మన ప్రభుత్వం వచ్చినా ఇవే మూడు ప్రశ్నలు దాన్నీ అడగాలి. హైదరాబాద్ సగటు చాటున ఆదిలాబాద్ గోండు గూడెం దాగిపోతే మళ్ళీ ఇదే వ్యాసం రాయాల్సి వస్తుంది. కానీ అప్పుడు అడగడానికి మన ముందు మన శాసనసభ ఉంటుంది. 2010లో అదే లేదు. ఆంధ్ర ప్రాంత ప్రజలతో మనకు పంచాయితీ లేదు, మాట తప్పిన పాలకులతోనే.

శ్రీకృష్ణ కమిటీ 2010 డిసెంబర్ 31 లోపు నివేదిక ఇవ్వాలని గడువు పెట్టారు. దాని మీద మనకు అనుమానాలు ఉండొచ్చు, నాకూ ఉన్నాయి. అయినా మన మాట లేని కాగితం కంటే మన మాట ఉన్న కాగితం మేలు. గల్ఫ్‌లో ఉన్న ప్రతి తెలంగాణ బిడ్డను నేను కోరేది ఇది: మీరు ఊరు ఎందుకు విడిచారో ఒక పేజీ రాయండి. ఎన్ని బోర్లు వేశారు, ఎంత అప్పయింది, ఏజెంటుకు ఎంత కట్టారు, ఎన్నేండ్లకు ఇల్లు చూశారు - లెక్క రాయండి. రాయరాని వాళ్లకు పక్క మంచం మిత్రుడు రాసిపెట్టాలి. అన్నీ కలిపి కమిటీకి పంపుదాం.

సిరిసిల్ల పెద్దమనిషి పేజీ నేనే రాస్తున్న, వచ్చే గురువారం ఆయనకు చదివి వినిపించి వేలిముద్ర తీసుకుంటా. ప్రపంచాన్ని లెక్క అడిగిన దేశం తన సొంత మనిషి లెక్క ఒక్కసారి చదవాలి.

జై తెలంగాణ!