హాట్‌డాగ్... రోజూ వద్దు!

శంషాబాద్ విమానాశ్రయంలో అమెరికా చదువుకు బయల్దేరే కొడుక్కి అమ్మ చెప్పే చివరి మాట దాదాపు ఒకటే... 'వేళకు తిను నాన్నా' అని. తీరా అక్కడికెళ్లాక, క్లాసుకూ పార్ట్‌టైమ్ ఉద్యోగానికీ మధ్య చాలామందికి చవగ్గా, చప్పున దొరికేది హాట్‌డాగ్.

పొడవాటి మైదా బన్నులో పెట్టిన మాంసపు సాసేజే ఇది. ఒక్కో సాసేజ్ 45-50 గ్రాములు తూగుతుంది. అందులో సుమారు 150 కేలరీలు, 13 గ్రాముల కొవ్వు ఉంటాయి. మాంసకృత్తులు మాత్రం ఒక కోడిగుడ్డులో ఉన్నన్నే! ఉప్పు గ్రాముకు పైమాటే. బన్ను, సాస్‌లలోది అదనం. పెద్దలకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

మాంసం పాడవకుండా కలిపే నైట్రైట్లతో మరో చిక్కు. ఇవి శరీరంలో హానికర నైట్రోసమైన్లుగా మారే వీలుంది. ఆ సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని అంచనా. అంటే నూటికి 18 మందికి వస్తుందని కాదు. మామూలుగా ఉండే ముప్పే అంత మేర పెరుగుతుంది. చికెన్ సాసేజ్ కూడా ప్రాసెస్ చేసిందే.

ఎప్పుడో ఒకటి తింటే బెంగ అక్కర్లేదు. అలవాటైతేనే చేటు. ప్రయాణానికి ముందే పిల్లలకు పప్పన్నం వండటం, గుడ్లు ఉడకబెట్టుకోవడం నేర్పితే మేలు. సూట్‌కేసులో కుక్కర్ ఎలాగూ ఉంటుంది కదా!