చెట్టు పడితే... శ్లాబు ఆగుతుందా?

2018 అక్టోబరు 11. దసరా నవరాత్రులు మొదలైన మర్నాడు. తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర గంటల మధ్య తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి, ఉండుండి 165 దాకా విసురు. తెల్లారి చూస్తే వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరితోటలకు తోటలే నేలకొరిగి ఉన్నాయి. ఉద్దానంలో తోట వేరు, ఊరు వేరు కాదు. పెరట్లో చెట్టు, వీధిలో చెట్టు, గోడ పక్కన చెట్టు. అందుకే పడ్డ చెట్లన్నీ తోటల్లోనే పడలేదు. ఇళ్ల మీదా పడ్డాయి.

పూరిల్లయినా పెంకుటిల్లయినా చెట్టు మీద పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకే కాశీబుగ్గ నుంచి కవిటి దాకా తుపాను హెచ్చరిక రాగానే ఇరుగుపొరుగు పిల్లాపాపలతో శ్లాబు ఇంటికి చేరతారు. శ్లాబు కింద ఉంటే అదో ధైర్యం. 2013లో పైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ... మూడూ అక్టోబరులోనే వచ్చాయి. మరి ఆ ధైర్యం ఎంతవరకు నిజం?

బరువు వేరు, దెబ్బ వేరు

మామూలు ఇంటి శ్లాబును లెక్కకట్టేది బరువుకు, దెబ్బకు కాదు. మనుషులు ఎక్కి తిరిగే డాబా చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు మోయాలన్నది మన దేశ ప్రమాణం. అది నెమ్మదిగా పెట్టిన బరువు. పైనుంచి పడేదాని సంగతి వేరు.

కిలోన్నర కొబ్బరికాయ 15 మీటర్ల ఎత్తు నుంచి పడితే, శ్లాబును తాకేసరికి దాని వేగం గంటకు 60 కిలోమీటర్లు. దానికే డాబా దద్దరిల్లుతుంది. ఇక చెట్టే పడితే? మాను బరువు అర టన్ను అనుకుందాం. దాని నడిమి భాగం 5 మీటర్లు కిందికి దిగి శ్లాబును తాకిందనుకుందాం. ఆ దెబ్బలోని శక్తి కొబ్బరికాయ దెబ్బకు 100 రెట్లకు పైనే! అదీ రెప్పపాటులో, పిట్టగోడ దగ్గరో సన్‌షేడ్ అంచునో ఒకే చోట పడుతుంది.

దెబ్బ పైన... గాయం కింద

క్యారమ్ కాయల్ని వరసగా ఆనించిపెట్టి మొదటిదాన్ని స్ట్రైకర్‌తో కొడితే ఏమవుతుంది? ఎగిరేది చివరి కాయ. శ్లాబులోనూ అంతే. పైన తగిలిన దెబ్బ ఒక అలలా కిందికి దిగి, అడుగు భాగాన్ని తాకి వెనక్కి మళ్లుతుంది. మళ్లేటప్పుడు కాంక్రీటును లాగుతుంది. నొక్కితే ఎంతో తట్టుకునే కాంక్రీటు, లాగితే అందులో పదో వంతే తట్టుకుంటుంది. దాంతో అడుగున పెచ్చులు ఊడి పడతాయి. దెబ్బ ఇంకా గట్టిదైతే తగిలినచోట కాంక్రీటు గరాటా ఆకారంలో తెగి కిందికి జారుతుంది. అంటే చెట్టు ఇంట్లోకి రాకపోయినా ప్రమాదం వస్తుంది. పైన చిన్న గుంటే కనిపించవచ్చు. కింద పడుకున్నవాళ్ల మీద మాత్రం రాళ్లలాంటి పెచ్చులు రాలతాయి.

అసలు శత్రువు తుప్పు

సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి మెల్లగా దిగి ఇనుప చువ్వల్ని పట్టుకుంటుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, మీదున్న కాంక్రీటును నెట్టేస్తుంది. ఎవరూ ముట్టుకోకుండానే పెచ్చులు ఊడేది అందుకే. తీరగాలి నేరుగా తగిలే కాంక్రీటులో చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలని, ఎం30 రకం వాడాలని 2000 నాటి భారతీయ ప్రమాణం చెబుతోంది. పాత ఇళ్లలో అందులో సగం కనిపించడమూ కష్టమే. అలాంటి శ్లాబు మీద చెట్టు పడితే, ముందే వదులైన పెచ్చులన్నీ ఒక్కసారిగా దిగుతాయి.

అందుకే శ్లాబును గట్టిచేయడం పైనుంచి కాదు, కిందినుంచి మొదలుకావాలి. సుత్తితో మెల్లగా తట్టి చూస్తే బోలుగా మోగేచోటు తెలిసిపోతుంది. అక్కడి వదులు కాంక్రీటంతా చెక్కి, చువ్వల తుప్పు గీకి, సన్నబడిన చువ్వకు తోడుగా కొత్తది కట్టి, తుప్పును అడ్డుకునే పూత వేసి, పాలిమర్ కలిపిన సిమెంటుతో పూడ్చాలి. తుప్పు తీయకుండా ప్లాస్టరింగ్ చేయిస్తే రోగం దాచినట్టే.

వల పరిస్తే...

తర్వాతి పని ఊడే పెచ్చును ఆపడం. అడుగున సన్నటి ఇనుప వలలు రెండుమూడు వరసలు పరిచి, మేకులతో శ్లాబుకు బిగించి, అంగుళం మందాన సిమెంటు మోర్టారు పట్టించే పద్ధతిని ఫెర్రోసిమెంట్ అంటారు. 1848లో ఫ్రాన్స్‌లో లాంబో అనే ఆయన ఇలాగే పడవ చేశాడు. కాంక్రీటు పగిలినా వల దాన్ని పట్టుకుని ఉంచుతుంది. చదరపు మీటరుకు పెరిగే బరువు 60 కిలోల లోపే. కార్బన్, గాజు పీచు పట్టీలు ఎపాక్సీతో అతికించే పద్ధతి ఇంకా తేలిక. కాకపోతే ఖరీదు ఎక్కువ, మంటకు తట్టుకోదు.

పైన రెండంగుళాల కొత్త కాంక్రీటు వేయించాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. చదరపు మీటరుకు 120 కిలోలు పెరుగుతాయి. గోడలు, దూలాలు మోయగలవో లేదో ఇంజినీరు చూడాల్సిందే. పాత శ్లాబును గరుకు చేసి, చువ్వలు నాటకపోతే కొత్త పొర అట్టలా విడిపోతుంది.

స్విట్జర్లాండ్, జపాన్‌లలో కొండరాళ్లు పడే రోడ్ల మీద కాంక్రీటు కప్పులు కట్టి, వాటిపై ఇసుకో కంకరో పరుస్తారు. దెబ్బను ముందు ఆ మెత్త తింటుంది. ఉపాయం బాగుంది కదాని ఇంటి డాబా మీద ఇసుక పోయిస్తే మాత్రం ముప్పే. ఆరంగుళాల ఎండు ఇసుకే చదరపు మీటరుకు 240 కిలోలు! వాన పడితే మరింత.

ఇంకో ముచ్చట. పుదుచ్చేరి ఇంజినీరింగ్ కళాశాల పరిశోధకులు జి.రామకృష్ణ, టి.సుందరరాజన్ కొబ్బరి, జనప, గోగు, కిత్తనార పీచులు కలిపిన సిమెంటు పలకల మీద బరువులు జారవిడిచి చూశారు. 2005లో వెలువడిన ఫలితం ప్రకారం పీచు కలపని పలకకంటే ఇవి 3 నుంచి 18 రెట్లు ఎక్కువ దెబ్బ తట్టుకున్నాయి. అన్నిట్లో మిన్న... కొబ్బరిపీచే! అయితే సిమెంటులోని క్షారం కాలక్రమంలో పీచును బలహీనం చేస్తుంది. చువ్వకు బదులు పీచు అనుకోకూడదు.

చెట్టు పడ్డాక

శ్లాబు నిలిచింది కదాని వెంటనే పైకెక్కకూడదు. ముందు ఇంట్లోవాళ్లను బయటికి పంపి, గుమ్మం దగ్గర నుంచే పైకప్పు చూడాలి. దెబ్బ తగిలినచోట కింద గుండ్రంగా బీటలు కనిపిస్తే ఆ గదిలోకి వెళ్లకూడదు. మేస్త్రి వచ్చి జాకీలు ఆనించాకే మాను కోయించాలి. అదీ ముక్కలు ముక్కలుగా, శ్లాబు మీద ఎత్తేయకుండా దించాలి.

పెద్దకొడుకులా పెంచుకున్న చెట్టును కొట్టించమంటే ఉద్దానంలో ఎవరికి మనసొప్పుతుంది? కొత్తగా నాటే మొక్కనైనా ఇంటికి దూరంగా నాటుకోవచ్చు. ఉన్న ఇంటి పైకప్పును మాత్రం వచ్చే అక్టోబరులోపు ఓసారి తలెత్తి చూసుకోవాలి. తుపాను రాత్రి దాని కింద తలదాచుకునేది ఆ ఇంటివాళ్లొక్కరే కాదు మరి!